నెల ఖర్చు తగ్గేదెట్లా? నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టింది వనపర్తి దగ్గర ఒక పల్లెలో, మెట్టింది నల్లగొండలో. మా మహిళా సంఘంలో లెక్కల పుస్తకం రాసేది నేనే. మీటింగు అయిపోయి అందరూ లేచి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు వెనక ఆగి, మెల్లగా అడిగిన ప్రశ్నలివి. వాళ్లు అడిగిన మాటల్లోనే రాశాను. ఎక్కువ పైసలు పోయే చోట జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అక్కా, అనవసరంగా ఒక్క రూపాయి పెట్టను. అయినా ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో ఏమీ ఉండదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి నెల ఏదీ తగ్గించకండి. రాయండి, అంతే. పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు చాలు. రాత్రి అంట్లు తోమడం అయ్యాక, ఆ రోజు చేయి దాటిన ప్రతి పైసా రాసి పక్కన ఒక్క మాట పెట్టండి: తిండి, చదువు, వైద్యం, వడ్డీ, ఆలస్యం. ఆలస్యం అంటే గడువు దాటాక కట్టిన ఫైను, సరుకు అయిపోయాక హడావిడిగా ఎక్కువ ధరకు తెచ్చింది, బస్సు తప్పిపోయి ఆటోకు ఇచ్చింది.

నేను మొదటిసారి ఇట్లా రాసిన నెల సంగతి చెప్తాను. కూరగాయల దగ్గర రోజూ ఐదూ పదీ బేరమాడి నెల మొత్తం మీద 150 రూపాయలు మిగిల్చాను. అదే నెలలో కుదువ పెట్టిన గొలుసు మీద 900 రూపాయల వడ్డీ కట్టాను. ఎండలో కూరగాయలమ్మే ఆమెతో అంతసేపు గీసిగీసి బేరమాడాను గాని, ఆ 900 గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. పుస్తకం చూశాక నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: ఎవరి కడుపులోకీ పోని ఖర్చును ముందు తగ్గించాలి. తిండి ఖర్చు దగ్గరికి చివర్లో రావాలి.

కిరాణం ఉద్దెర మంచిదేనా? మా శావుకారి వడ్డీ ఏమీ తీసుకోడు కదా.

వడ్డీ పేరుతో తీసుకోడు, నిజమే. కానీ ఉద్దెర రాయించే మనిషి ధర అడగదు. పప్పు బాగాలేదని వెనక్కి ఇవ్వదు. పిల్లవాడిని పంపితే వాడు ఒక బిస్కెట్ పుడ అదనంగా తెస్తాడు, అదీ పుస్తకంలోకి ఎక్కుతుంది. నెలాఖరున మొత్తం చూసి గుండె జల్లుమంటుంది.

అట్లాగని ఒక్కసారిగా తెంచుకోవద్దు. కూలి దొరకని రోజుల్లో మన పొయ్యి వెలిగించింది ఆ ఉద్దెరే. నేను చెప్పేది ఇది: బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చక్కెర వంటి పెద్ద సరుకులు నెల మొదట్లో నగదుకు తెచ్చుకోండి. మధ్యలో పడే చిన్న అవసరాలకే ఉద్దెర ఉంచండి. మీ దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ఆయన రాసిన రోజే మీరూ రాసుకోండి. నాలుగైదు నెలల్లో ఉద్దెర సగానికి వస్తుంది.

మాకు జీరో బిల్లు వస్తుంది. ఇంకా కరెంటు పొదుపు ఎందుకక్కా?

ఇదే అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, పెద్ద దెబ్బ తగిలేదీ ఇక్కడే.

2024 మార్చి బిల్లు నుంచి వచ్చిన గృహజ్యోతి పథకంలో, రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. 201వ యూనిట్ పడితే ఆ ఒక్క యూనిట్‌కు కట్టి ఊరుకోలేం, మొత్తం వాడకానికీ కట్టాలి. పైగా స్లాబు మారుతుంది. 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి 100కు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, దాటినవాటికి 7.70. అప్పుడు 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు, మిగతా చార్జీలు వేరే. పథకం లేని ఇంటికి ఆ ఒక్క యూనిట్ 200 రూపాయలు దాటి పడినట్టు. జీరో బిల్లు ఇంటికైతే వెయ్యి రూపాయలు పడినట్టు.

అందుకే మీటరు వైపు మీరే చూడండి. బిల్లు తీసిన రోజు రీడింగు క్యాలెండరు మీద రాసుకోండి. పదో రోజుకు 66, ఇరవయ్యో రోజుకు 133 యూనిట్లు, ఆ లోపల ఉంటే భయం లేదు. దాటితే మిగిలిన పది రోజులు జాగ్రత్తపడే వీలుంటుంది. మా ఇంట్లో ఈ పని పెద్దబ్బాయిది. వాడికి లెక్కలూ వచ్చాయి, ఫ్యాన్ ఆపడమూ వచ్చింది.

యూనిట్లు ఎక్కడ పోతున్నాయో కూడా చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ ఉంటుంది, అదే వాడకానికి 13 యూనిట్ల పైచిలుకు. ఒక్కో ఫ్యాన్‌కు 20 యూనిట్లు తగ్గుతుంది. రెండు గదుల్లో మార్చుకుంటే 40. ధర ఎక్కువే, అందుకని ఒకేసారి అన్నీ మార్చకుండా రాత్రంతా తిరిగే ఫ్యాన్ ముందు మార్చండి. నీళ్ల మోటారు ఒక హెచ్‌పీది గంటకు ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుంది. ట్యాంకు నిండి పొంగి పారేదాకా వదిలేస్తే నీళ్లూ పోతాయి, యూనిట్లూ పోతాయి. గీజరు 2,000 వాట్లది అరగంటకు ఒక యూనిట్. మన దగ్గర చలి రెండు నెలలే. మధ్యాహ్నం నల్లరంగు బకెట్లో నీళ్లు ఎండకు పెడితే సాయంత్రం స్నానానికి గోరువెచ్చగా ఉంటాయి.

అర్హత ఉండీ జీరో బిల్లు రాకపోతే ఊరుకోవద్దు. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని పల్లెల్లో ఎంపీడీఓ ఆఫీసుకు, పట్నాల్లో మునిసిపల్ ఆఫీసుకు వెళ్లండి. సర్వీసు నంబరు తప్పుగా ఎక్కినవాళ్లను నేనే చాలామందిని చూశాను. కిరాయికి ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

ఎండాకాలం కూలరా, ఏసీనా?

ఎండ 44 డిగ్రీలు దాటే ఊళ్లో, ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో చల్లగాలి విలాసం అనను. కూలర్ 180 వాట్లనుకుంటే పది గంటలకు 1.8 యూనిట్లు, నెలకు 54. ఏసీ గంటకు ఒక యూనిట్ లెక్కన చూసినా రాత్రి 8 గంటలకు నెలలో 240 యూనిట్లు. ఏసీ పెట్టిన నెల జీరో బిల్లు ఉండదని తెలిసే పెట్టండి. మన దగ్గర ఏప్రిల్, మే పొడి ఎండలు కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కిటికీకి ఎదురుగా పెట్టి, అవతలి తలుపు కొంచెం తెరిచి ఉంచాలి. మూసిన గదిలో పెడితే ఉక్కపోతే మిగులుతుంది. స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, పైఅంతస్తు గదిలో తేడా మీకే తెలుస్తుంది.

గ్యాస్ సిలిండర్ నెలన్నర కూడా రావట్లేదు. ఏం చేయాలి?

ముందు తూకం చూడండి. ఇంటికి వచ్చే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గర రాసి ఉంటుంది. అక్కడ 15.8 అని ఉంటే మొత్తం సరిగ్గా 30 కిలోలు తూగాలి. తెచ్చిన మనిషిని తూకం వేసి చూపమని అడిగే హక్కు మనకుంది. మర్యాదగా అడగండి, సీలు చూసుకోండి.

ఆ తర్వాత మంట. నీలంగా ఉండాలి. పసుప్పచ్చగా వస్తూ గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయినట్టు, గ్యాస్ ఉత్తపుణ్యానికి పోతున్నట్టు. పప్పు గంట ముందు నానబెట్టడం, ఎసరు మీద మూత పెట్టడం, కుక్కరు విజిల్ వచ్చాక మంట తగ్గించడం మీకు తెలిసినవే. తెలిసీ పొద్దున హడావిడిలో చేయం. రాత్రే పప్పు కడిగి నానేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇంకోటి, మన వంటల్లోనే పొయ్యి అక్కర్లేనివి ఉన్నాయి. పచ్చి పులుసుకు చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేస్తే చాలు, పోపుకే రెండు నిమిషాల మంట. ఎండాకాలం వారానికి రెండు రోజులు పచ్చి పులుసు, తొక్కు, పెరుగు పెడితే ఇంట్లో ఎవరూ కాదనరు. వంట చేసేవాళ్లకు ఉడుకు కూడా తప్పుతుంది.

మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్‌కు అర్హులైతే, పూర్తి ధర కట్టాక మిగతా సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎన్ని సిలిండర్లు వస్తాయన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. పడిందో లేదో పాస్‌బుక్కులో చూసుకునేవాళ్లు తక్కువ. చూడండి.

రేషన్ బియ్యం వండుకుంటున్నారా మీరు?

వండుకుంటున్నాం. దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో మా వాడకట్టులో సగం ఇళ్లు కిలో పది, పదిహేనుకు అమ్ముకుని, దానికి మూడు నాలుగింతలు పెట్టి సన్నబియ్యం కొనేవి. 2025 ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోలు ఉచితం. నలుగురి ఇంటికి 24 కిలోలు. బజారులో కిలో 50 అనుకుంటే 1,200 రూపాయల బియ్యం అది. కొత్త బియ్యం కాబట్టి అన్నం మెత్తబడుతుందని కొందరు వదిలేస్తున్నారు. ఎసరు కాస్త తగ్గించి, కడిగాక అరగంట ఆరబెట్టి వండితే పొడిపొడిగానే వస్తుంది. ఇంకా మెత్తగా అనిపిస్తే పులిహోరకు కాకుండా దోసెలకు, ఉప్మా నూకకు, సర్వపిండికి గిర్నీలో పట్టించుకోండి.

పుణె, ముంబై పనులకు వలస పోయే పాలమూరు వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు అయితే, ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో అక్కడి దుకాణంలో కూడా వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోల ధాన్యం తీసుకోవచ్చు. అయితే ఇక్కడిలా సన్నబియ్యమే ఇస్తారనుకోవద్దు. ఊళ్లో ముసలివాళ్లు ఉంటే వాళ్ల వాటా ఇక్కడే ఉంచి, పోయినవాళ్ల వాటా అక్కడ తీసుకోవచ్చు.

చాలనప్పుడు కొనే బియ్యం సంగతి. మిర్యాలగూడ చుట్టూ అన్ని రైస్ మిల్లులు పెట్టుకుని, కంపెనీ పేరు అచ్చేసిన సంచీకి ఎక్కువ ఇవ్వడం ఎందుకు? నాలుగిళ్లు కలిసి మిల్లు దగ్గర క్వింటాలు లెక్కన తెచ్చుకుని పంచుకోండి. పాతబియ్యం కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువైనా అన్నం ఒదుగుతుంది. షుగరు ఉన్నవాళ్లు తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 అడుగుతారు. అది మన రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకమే. అయినా ఎంత తింటున్నామో చూసుకోవాలి.

బస్తా 26 కిలోలే ఎందుకుంటుంది?

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న, పేరు ముద్రించిన సంచీ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. 25 దాటితే పడదు. అందుకని 26 చేశారు. ఐదు, పది కిలోల సంచీలు కొంటే ఆ పన్ను మీదే. విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ, పప్పుకూ ఈ పన్ను లేదు.

నీళ్ల క్యాన్లకు నెలకు ఆరేడు వందలు అవుతోంది. బోరు నీళ్లు కాచి తాగితే సరిపోదా?

సరిపోదు. దయచేసి ఈ పని చేయకండి. ఈ ఒక్క జవాబు కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా తప్పులేదు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వంకర తిరిగిన కాళ్లను, నిలువుగా నిలబడలేని నడుములను చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. భూమి లోపలి రాయి నుంచి నీళ్లలోకి వచ్చే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. కొవ్వొత్తి ఫిల్టరు, బట్టతో వడకట్టడం కూడా పనికిరావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు ప్రపంచమంతా ఉంది. దాన్ని కనిపెట్టింది నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు. మన జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. కానీ దాని పాళ్లు నీటి పరీక్షను బట్టి ఉంటాయి, ఇంట్లో అందాజుగా కలిపేది కాదు.

మరి ఖర్చు తగ్గేదెట్లా? మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఆ పథకంలో మనకు వచ్చేవి శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు. బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ బాధ వాటికి లేదు. చాలా ఇళ్లలో ఆ నీళ్లతో బట్టలు ఉతికి, తాగడానికి క్యాన్ కొంటున్నారు. రుచి చప్పగా ఉందంటారు. బోరు నీళ్ల ఉప్పదనానికి అలవాటుపడ్డ నాలుక అది. నల్లా నీళ్లు కాచి, చల్లార్చి, కుండలో పోసి వారం తాగి చూడండి. మా ఇంట్లో క్యాన్ మానేసి చాలా ఏళ్లయింది.

ఒక అనుమానం ఉండొచ్చు, మీ నల్లాలో వస్తున్నది నిజంగా భగీరథ నీళ్లేనా, మధ్యలో బోరు కలుపుతున్నారా అని. వాటర్‌మన్‌ను, పంచాయతీ కార్యదర్శిని అడగండి. పరీక్ష చేయించమని గ్రామసభలో అడగండి. అది తేలేదాకా ఆర్వో నీళ్లే తాగండి. పైసలు ఖర్చయినా పర్వాలేదు. వంటకు కూడా అవే. అన్నం ఎసరును, పప్పు నీళ్లను మనం పారబోయం, అంతా లోపలికే పోతుంది. ఆర్వో మిషన్ నుంచి బయటికి వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు, బర్రెలకు మాత్రం తాగించొద్దు. ఫ్లోరైడ్ అందులోనే పోగవుతుంది.

కూరగాయలు మండిపోతున్నాయి. రైతుబజారు నయమా, అంగడి నయమా?

రెండిట్లోనూ నయమే, వేళ తెలిసి వెళ్తే. రైతుబజారులో ధరల బోర్డు ఉంటుంది, ముందు అది చూసి సంచీ తెరవండి. వారపు అంగడిలో పొద్దుగూకే ముందు ధర దిగుతుంది. మిగిలింది వెనక్కి మోసుకుపోవడం వాళ్లకూ బరువే. కానీ ఆకుకూర పొద్దున్నే కొనాలి, సాయంత్రానికి వాడిపోయి సగం పారేయాల్సి వస్తుంది.

అసలు పొదుపు కాలాన్ని పట్టుకోవడంలో ఉంది. మా అమ్మ ఏడాది మొత్తాన్ని ఎండాకాలంలోనే సర్దేది. ఫిబ్రవరి, మార్చిలో టమాట గంపలకొద్దీ వచ్చి ధర పడిపోతుంది. అప్పుడు ముక్కలు కోసి, ఉప్పు రాసి, డాబా మీద ఒరుగులు ఎండబెట్టేది. వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు కూడా అంతే. జూన్, జూలైలో టమాట ధర ఆకాశంలో ఉన్నప్పుడు గుప్పెడు ఒరుగులు నానేసి పప్పులో వేసేది. ఇప్పుడు మనకు ఎండా ఉంది, డాబా ఉంది, చేయాలన్న ధ్యాస తగ్గింది. ఆ రోజుల్లోనే మిరపకాయలు, కొత్త చింతపండు, పసుపుకొమ్ములు ఏడాదికి సరిపడా తీసుకుని కారం, పసుపు గిర్నీలో పట్టించుకుంటే ప్యాకెట్ ధరకూ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. కల్తీ భయమూ ఉండదు. కొత్త కందులు జనవరి, ఫిబ్రవరిలో వస్తాయి. నారాయణపేట, తాండూరు వైపు చుట్టాలుంటే ఒక బస్తా చెప్పి ఉంచండి.

పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర పెరట్లో నాలుగు కుండీల్లో కూడా వస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు పోస్తే చాలు. పండ్లు కూడా మన నేలవి చూసుకోండి. నల్లగొండలో బత్తాయి దిగిన రోజుల్లో, బాలానగర్ సీతాఫలం అక్టోబరులో గంపల్లోకి వచ్చినప్పుడు, యాపిల్ కొనాల్సిన పనేముంది?

గానుగ నూనె పట్టించుకుంటే కలిసొస్తుందా?

కలిసిరాదు. రెండున్నర కిలోల పల్లీలు పోస్తే కిలో నూనె దిగుతుంది, పట్టించిన కూలి వేరే. రుచి కోసం, నమ్మకం కోసం అయితే చేయించుకోండి, నేనూ పండగకు చేయిస్తాను. మీ సొంత పంట పల్లీలుంటే మాత్రం మంచిదే, చెక్క పశువులకు పనికొస్తుంది. మిగతావాళ్లు నూనె తక్కువ వాడటమే పొదుపు.

పిల్లలు రోజూ పది రూపాయలు అడుగుతారు. కాదంటే ఏడుస్తారు.

ఇద్దరికి పదేసి చొప్పున నెలకు 600, ఏడాదికి 7,200. ఆ పైసలతో కొనేది గాలి నింపిన కవరు. కాదనడం కంటే ముందే చేతిలో ఏదో పెట్టడం సులువు. బడి నుంచి వచ్చేసరికి శనగ గుడాలో, బొబ్బర్ల గుడాలో, ఉడకబెట్టిన పల్లీలో సిద్ధంగా ఉంచండి. ఆదివారం పల్లిపట్టి చేసి డబ్బాలో పోయండి. వారానికి ఒక్కరోజు వాళ్లకు నచ్చింది కొనివ్వండి, ఎప్పుడూ ఇవ్వకపోతే పిల్లలు చిన్నబోతారు.

ఫ్రీ బస్సు ఉన్నా ప్రయాణాల ఖర్చు తగ్గడం లేదెందుకు?

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాలి. తెలియక ఎక్కి గొడవపడొద్దు, బోర్డు చూసుకోండి. కర్నూలు వైపు పోతే తెలంగాణ హద్దు వరకే ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి, జీరో టికెట్ తీసుకోవాలి.

ఖర్చు తగ్గకపోవడానికి కారణం బస్టాండు నుంచి ఆటో. బస్సులో మిగిల్చింది ఆటోకు పోతుంది. ఇద్దరు ముగ్గురు ఒకే పని మీద వెళ్తే అది పంచుకోవచ్చు. మగవాళ్లకు మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైలు జనరల్ టికెట్ బస్సు కంటే చాలా చవక. వేళలు కుదిరితే అదే చూడండి.

ఫోన్ రీచార్జిలు నలుగురికి నలుగురు. ఎట్లా తగ్గించాలి?

28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు కట్టినట్టు. అదే ధరకు దగ్గరగా నెల రోజులదో, ఎక్కువ రోజులదో ఉందేమో అడగండి. బటన్ ఫోన్ వాడే అత్తమ్మకు, మామయ్యకు నెట్ ఎందుకు? ఫోన్ కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ సంస్థ ఆదేశం తర్వాత 2025 జనవరి నుంచి మాటలకు, మెసేజీలకే ఉన్న ప్లాన్లు వచ్చాయి. దుకాణంలో వాటి గురించి తమంతట తాము చెప్పరు. మనమే అడగాలి.

జీఎస్టీ తగ్గిందన్నారు. మనకేమైనా ఒరిగిందా?

2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తల నూనె మీద 18 శాతం ఉన్నది 5 అయింది. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు వచ్చాయి. మీరు ఎప్పుడూ కొనే సబ్బు మీద ధర చూడండి, బరువు కూడా చూడండి. ధర అంతే ఉండి గ్రాములు పెరిగి ఉండొచ్చు, తగ్గి కూడా ఉండొచ్చు.

దవాఖాన ఖర్చు ఒక్కటి వస్తే మొత్తం పోతుంది. దానికేం చేయాలి?

నిజం, మా సంఘంలో తీసుకునే అప్పుల్లో దీనికోసం తీసుకునేవి చాలా ఉంటాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఆపరేషన్ అనగానే ముందు ఆరోగ్యశ్రీ కౌంటరు ఎక్కడని అడగండి, అడ్వాన్సు కట్టాక కాదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, పెద్ద డాక్టర్లు ఇక్కడే దొరుకుతున్నారు. షుగరు, బీపీ మందులు నెలనెలా కొనేవాళ్లు డాక్టరును అడిగి అదే మందు జనరిక్‌లో తీసుకుంటే బిల్లు బాగా తగ్గుతుంది. బిళ్లలు రోజు మార్చి రోజు వేసుకుని పొదుపు చేసేవాళ్లున్నారు. అది వద్దమ్మా, రేపు పక్షవాతం వస్తే ఇల్లే తలకిందులవుతుంది.

ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద బీమా, 436 రూపాయలకు జీవన బీమా బ్యాంకులో ఉన్నాయి, ఒక్కోదానికి 2 లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ పైసలు ఉండేట్టు చూసుకోండి. ఖాతా ఖాళీగా ఉండి బీమా ఆగిపోయిన ఇల్లు ఒకటి మా వీధిలోనే ఉంది. ఆ ఇంటాయన ఆ వానాకాలమే పోయాడు.

నూటికి మూడు రూపాయల వడ్డీ ఎక్కువా అక్కా? చిట్టీ ఎత్తుకుని కట్టేద్దామా?

నూటికి మూడంటే చిన్నగా వినిపిస్తుంది. పది వేలకు నెలకు 300, ఏడాదికి 3,600. అసలు అట్లాగే ఉంటుంది. ఏడాదికి 36 శాతం. ఈ రాతలన్నీ పాటించి మీరు నెలకు మిగిల్చేది ఒక్క పాతికవేల అప్పుకు వడ్డీగా పోతుంది. కాబట్టి మొదట మిగిలిన రూపాయి గల్లగురిగిలో వేయకుండా ఈ అప్పుకు కట్టండి. సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ అప్పు తీసుకుని బయటి అప్పు తీర్చడం మేలు. వాయిదాలు తప్పకుండా కడితే వడ్డీ లేని రుణం కింద వడ్డీ తిరిగొచ్చే వీలుంది.

చిట్టీ రిజిస్టరైందో లేదో చూడండి. చిట్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన దానికి పుస్తకం, రసీదు ఉంటాయి. తెలిసిన మనిషే కదా అని నోటిమాట మీద నేను కూడా ఒకసారి 14 నెలలు కట్టాను. పదిహేనో నెల ఆ ఇంటికి తాళం ఉంది. ఆ పైసలు మా ఆయన రాత్రి డ్యూటీలు చేసి తెచ్చినవి.

మాది వ్యవసాయం. నెల జీతం లేదు. మాకు ఈ లెక్కలు ఎట్లా కుదురుతాయి?

వానాకాలం పంట ఒకసారి, యాసంగి ఒకసారి. వడ్లు అమ్మిన పైసలు ఖాతాలో పడిన రోజు వాటిని మూడుగా విడదీయండి: వచ్చే పంట పెట్టుబడి, అప్పు, ఇల్లు. ఇంటి వాటాను ఆరుతో భాగించి నెలకింత అని రాసుకోండి. ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున వచ్చే రైతు భరోసాను ఇంటి ఖర్చులో కలపకండి. కలిపితే విత్తనాల వేళకు మళ్లీ నూటికి మూడు దగ్గరికే పోవాలి. జూన్‌లో విత్తనాలూ, పిల్లల ఫీజులూ, పుస్తకాలూ ఒకేసారి మీద పడతాయి. యాసంగి డబ్బులోంచి జూన్ వాటా పోస్టాఫీసులో వేసి పాస్‌బుక్కు మీరే దాచుకోండి.

నేనెంత మిగిల్చినా మా ఇంటాయన తాగుడుకే పోతుంది. ఇంక దేనికి?

తప్పు మీ లెక్కలో లేదు. ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి మాట్లాడతాను. మీ కూలి, మీ సంఘం పొదుపు మీ పేరున ఉన్న ఖాతాలోనే పడేలా చూసుకోండి, ఏటీఎం కార్డు, పిన్ మీ దగ్గరే ఉంచుకోండి. తాగుడు జబ్బు, దానికి ప్రభుత్వ దవాఖానలో చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య సాయం కోసం ఉన్న ప్రభుత్వ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. కొడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కు చేయండి. సంఘంలో ఒక్కరికైనా చెప్పండి. మేం నలుగురం కలిసి వెళ్లి మాట్లాడిన ఇళ్లున్నాయి, కొన్నిచోట్ల మాట విన్నారు.

చివరిగా ఒకటి. పిల్లల పాలు, గుడ్లు తగ్గిస్తే నెలకు వెయ్యి మిగులుతుంది. తగ్గించొచ్చా?

వద్దు. ముందు హక్కుగా వచ్చేవి తెచ్చుకోండి. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట అన్నం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఉన్నాయి. చిన్న పిల్లలకు బాలామృతం ఉంది. మొహమాటపడి పోనివాళ్లు చాలామంది, రేపే వెళ్లి పేరు రాయించండి. ఇంట్లో గ్లాసు పాలు ఉంచి, టీ రెండుసార్లకు తగ్గించండి. మీరు కూడా గుడ్డు తినండి. అందరికీ వడ్డించి మిగిలితేనే తినే అలవాటు మా అమ్మకు ఉండేది. రక్తం తక్కువై దవాఖానలో పడ్డప్పుడు మాకైన ఖర్చు ఎంతో, ఆ పద్దు ఇంకా నా పాత పుస్తకంలో ఉంది.